అండమాన్‌కి నలభై ఎనిమిది గంటలు

అండమాన్ వెళ్లడానికి మన దేశస్తులకి పర్మిట్ అక్కర్లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఇది తెలియకే మేం నలుగురం, మనిషికి 750 చొప్పున 3,000 రూపాయలు మా ఊరు, ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో ఒక ట్రావెల్స్ కొట్టులో పోసి వచ్చాం. నీలం రంగు కాగితం, పైన సింహాల బొమ్మ, కింద గుండ్రటి ముద్ర, పక్కన మా ఫొటోలు. "కరోనా టైము కదండీ, ఇది లేకపోతే దీవిలో దిగనివ్వరు" అన్నాడు కొట్టువాడు. మాకు అనుమానం రాలేదు. 2020 వేసవిలో మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లి మందులు తెచ్చుకోవడానికే సవాలక్ష కారణాలు చెప్పుకున్నవాళ్లం. మూడు నాలుగు కిలోమీటర్ల దూరానికే అంత తంతు ఉంటే, సముద్రం మధ్య దీవికి ఒక కాగితం అడిగితే ఎందుకు నమ్మం?

వెళ్లింది 2021 ఫిబ్రవరిలో. అమ్మ కోరిక అది. వాళ్ల చిన్నాన్న ఒకాయన ఎప్పుడో విశాఖలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి అక్కడే ఉండిపోయాడట. కరోనా వల్ల ఏడాదిగా నా కొట్లో కూర్చోవడమే తప్ప వ్యాపారం లేదు, దీవులు మళ్లీ తెరిచారు, టికెట్లు కూడా పెద్ద ధర లేవు. అమ్మ, నేను, మా ఆవిడ, మా బావ. బావ ఎందుకంటే, ఏ ఊరెళ్లినా లెక్కలు రాసేవాడు ఒకడుండాలి. విశాఖ నుంచి చెన్నై మీదుగా పోర్ట్‌బ్లెయిర్, రానూ పోనూ మనిషికి 13,400.

అప్పట్లో అక్కడ అసలు కావాల్సింది కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన ఆర్‌టీపీసీఆర్ (ముక్కులో పుల్ల పెట్టి చేసే కరోనా పరీక్ష) నెగటివ్ రిపోర్టు, అదీ ప్రయాణానికి 48 గంటల లోపుది. మా ట్రావెల్స్ మహానుభావుడు మాత్రం 72 గంటలన్నాడు. ఆ మాట పట్టుకుని గురువారం పొద్దున్నే ఊళ్లోనే ప్రభుత్వాసుపత్రిలో శాంపిల్ ఇచ్చేశాం. పైసా తీసుకోలేదు, మర్యాదగా కుర్చీలేసి కూర్చోబెట్టారు. కానీ ఆ శాంపిల్ బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్లి రావాలి. మెసేజ్ వచ్చేసరికి శనివారం సాయంత్రమైంది. మా విమానం ఆదివారం రాత్రి 8 గంటలకి. అదృష్టం కొద్దీ శుక్రవారం సాయంత్రం బావ విమానం కంపెనీ వాళ్లు పంపిన మెసేజ్ పూర్తిగా చదివాడు. చదివి, భోజనం ముందు కూర్చున్నవాడల్లా లేచిపోయాడు.

"నలభై ఎనిమిదట బావా. ఈ గురువారం టెస్టు నాకడానిక్కూడా పనికిరాదు."

అప్పటికప్పుడు విశాఖలో ఒక ప్రైవేటు ల్యాబ్‌కి ఫోన్ చేసి నలుగురికీ బుక్ చేశాం. టైము రాత్రి 7.40. ఈ టైము గుర్తుంచుకోండి, దీని చుట్టూనే కథంతా తిరుగుతుంది. మర్నాడు తెల్లవారుజామున కారు మాట్లాడుకుని (3,200, టోల్ వాళ్లదే) టెక్కలి, శ్రీకాకుళం మీదుగా నాలుగు గంటల్లో విశాఖ చేరాం.

ల్యాబ్ గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు: ఆర్‌టీపీసీఆర్ 499 రూపాయలు, ప్రభుత్వ ధర. మా ఒడిశాలో అప్పుడు 400 అనుకోండి, వంద దగ్గర గొడవెందుకని నలుగురికీ 1,996 తీశాను. కౌంటర్‌లో అబ్బాయి డబ్బు ముట్టుకోలేదు. "499 అయితే రిపోర్టు రేపు రాత్రికండి. ఎయిర్‌పోర్టుకా? అయితే ఎక్స్‌ప్రెస్. 1,500. ఆరు గంటల్లో ఇచ్చేస్తాం." రేపు రాత్రికి మేం గాల్లో ఉంటాం. ఆ సంగతి అతనికీ తెలుసు. 6,000 కట్టాను. చేతిలో పెట్టిన రసీదులు మాత్రం ఒక్కొక్కటి 499కే. మిగతా నాలుగు వేలకి కాగితం ఏదని బావ అడిగితే "సిస్టంలో అంతే వస్తుందండి" అన్నాడు. సిస్టంకి పాపం 499 దాటి అంకెలు రావు కాబోలు.

శాంపిల్ ఇచ్చింది శనివారం పొద్దున 11 గంటలకి. అమ్మ ముక్కులో పుల్ల పెట్టగానే వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది. తీసే అమ్మాయి రెండడుగులు వెనక్కి గెంతి, పైన వేసుకున్న షీల్డు తుడుచుకుని, "ఏం పర్లేదు అమ్మమ్మా, మరో ముక్కు చూపించు" అంది. ఆ ల్యాబ్‌లో మనిషంటూ కనిపించింది ఆ పిల్లే.

ఆరు గంటలన్నవి పదకొండయ్యాయి. రాత్రి పది దాటాక రిపోర్టులు ఫోన్లోకి వచ్చాయి. నలుగురికీ నెగటివ్. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. నేను నిద్రకి ఉపక్రమించాను. బావ మాత్రం లాడ్జి బాత్రూం లైటు కింద నిలబడి (గది 1,400, బయట బల్బు మాడిపోయింది) అక్షరం అక్షరం చదివి బయటికొచ్చాడు. శాంపిల్ తీసిన సమయం అన్నచోట శుక్రవారం రాత్రి 7.40 అని ఉంది. అంటే మేం పర్లాకిమిడిలో కంచాల ముందు కూర్చుని ఫోన్లో బుక్ చేసిన సమయం! దాన్నే శాంపిల్ టైముగా అచ్చేశారు. విశాఖలో విమానం ఎక్కే ఆదివారం రాత్రి 8 గంటలకి లెక్కేస్తే 48 గంటలకి ఇరవై నిమిషాలు ఎక్కువ. చెన్నైలో విమానం మారే సోమవారం పొద్దున 6.15కి లెక్కేస్తే పదిన్నర గంటలు ఎక్కువ. ఎటు చూసినా పోయినట్టే.

అది చాలదన్నట్టు అమ్మ పేరు. మా ఊళ్లో ఆధార్ తీసిన ఒడియా కుర్రాడికి పేరు చివర 'అమ్మ' ఎందుకో అర్థం కాలేదు. కొట్టేశాడు. 1936 ఏప్రిల్‌లో మా ఊరిని ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచి మా పేర్లకి ఈ తిప్పలు మామూలే. రేషన్ కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. టికెట్ ఆధార్ ప్రకారం తీశాం. ల్యాబ్‌లో మాత్రం పేరేంటని అడిగితే అమ్మ తన పేరు తను చెప్పుకుంది, అమ్మతో సహా. ఇప్పుడు టికెట్ ఒకరిది, రిపోర్టు ఇంకొకరిది. "నా పేరు నేను చెప్పడం కూడా తప్పేనేటి?" అని అమ్మ ముడుచుకుని పడుకుంది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు.

ఆదివారం తొమ్మిదింటికి ల్యాబ్ తెరిచేసరికి మేం మెట్ల మీదే ఉన్నాం. కౌంటర్ అబ్బాయి పేరు మార్చడానికి ఒప్పుకున్నాడు. టైము దగ్గర మొరాయించాడు. "ఒకసారి పోర్టల్‌కి ఎక్కాక మారదండి. మళ్లీ టెస్టు చేయించుకోండి." మళ్లీ ఆరు వేలన్నమాట. అప్పుడు బావ గొంతు పెంచలేదు. ఫోన్ తీసి గోడ మీద 499 బోర్డుకి ఒక ఫొటో, మా రసీదులకి ఒక ఫొటో, ఫోన్‌పేలో ఆరు వేలు వెళ్లిన స్క్రీన్‌కి పక్క ఫోన్‌తో ఒక ఫొటో తీసి, "కలెక్టరాఫీసు ఇక్కడికి ఎంత దూరం తమ్ముడూ?" అని మాత్రం అడిగాడు. పావుగంటలో పోర్టల్ మారిపోయింది. శనివారం, 11.05. కొత్త రిపోర్టు మీద కొత్త క్యూఆర్ కోడ్. దాన్ని అక్కడే స్కాన్ చేసి, తెరుచుకుంటోందో లేదో చూసుకుని, రెండేసి కాపీలు ప్రింట్ తీయించి (కాపీకి పది, అదీ వదల్లేదు) బయటపడ్డాం.

కాబట్టి అప్పట్లో వెళ్లేవాళ్లకి నేను చెప్పింది ఇదే: రిపోర్టులో నెగటివ్ ఒక్కటే చూసి సంబరపడకండి. పుల్ల ముక్కులో పెట్టిన టైము, టికెట్ మీద ఉన్న పేరు, క్యూఆర్ కోడ్, ఈ మూడూ కౌంటర్ వదలకముందే చూసుకోండి. రసీదులో వేయని డబ్బు ఇవ్వాల్సి వస్తే ఫోన్‌పేలోనే ఇవ్వండి, చేతికివ్వకండి.

విమానంలో పెద్ద కథ లేదు. అప్పట్లో ఇంటి దగ్గరే వెబ్ చెకిన్ చేసుకోకపోతే కౌంటర్‌లో మనిషికి వంద రూపాయలు గుంజేవారు. అమ్మది బటన్ల ఫోను, అప్పుడు అడిగే ఆరోగ్యసేతు అనే కరోనా యాప్ అందులో ఉండదు. దానికి బదులు ఒక ఫారం నింపి ఇస్తే సరిపోయింది. మధ్య సీటు వాళ్లకి ఆపరేషన్ గౌను లాంటిది ఇచ్చారు. అమ్మ దాన్ని చీర మీద వేసుకుని, ముఖానికి ప్లాస్టిక్ షీల్డు తగిలించుకుని, నిటారుగా కూర్చుంది. "డాక్టరమ్మా, బీపీ చూడండి" అని బావ చెయ్యి చాపితే రెండ్రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. చెన్నైలో రాత్రంతా కుర్చీల్లోనే గడిపాం. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం నేవీది, అప్పట్లో అక్కడ చీకటి పడ్డాక విమానాలు దిగేవి కావు. అందుకే ఎటు నుంచి వెళ్లినా పగలే దిగేలా ఎక్కాల్సి వచ్చేది. ఇది చూసుకునే టికెట్లు తీసుకోవాల్సింది. మేం చూసుకోలేదు. చెన్నైలో రెండు ఇడ్లీలు 140.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగగానే వరసగా బల్లలు, తెల్ల పీపీఈ కిట్లలో మనుషులు. నుదుటి మీద టెంపరేచర్ చూశారు, రిపోర్టు అడిగారు. మా బల్ల దగ్గరున్నతను వేలు పెట్టి చూసింది సరిగ్గా ఆ ఒక్క గీతే, శాంపిల్ టైము. బావ నా వంక చూశాడు, ఆ చూపు ఇంకా నా కళ్ల ముందే ఉంది. తర్వాత అమ్మ సంచిలోంచి నీలం పర్మిట్ తీసి, రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా ఇది?"

అచ్చం మా యాస. కళ్లద్దాల వెనక కళ్లు నవ్వుతున్నాయి. వాళ్ల తాతలది సోంపేట వైపట. "మనోళ్లకి పర్మిట్టేటి? అడివి తెగలుండే చోటుకి ఎలాగూ పంపరు. మిగతా చోట్లకి మీ ఆధార్ చాలు. ఎవడో మీ చెవిలో పువ్వెట్టాడు" అని కాగితం భద్రంగా మడిచి అమ్మకే ఇచ్చాడు. 3,000 పోయిన బాధ కంటే, సముద్రం అవతల మొదటి మనిషే మా భాష మాట్లాడాడన్న సంబరం అమ్మకి ఎక్కువైంది.

అబెర్డీన్ బజార్ దగ్గర లాడ్జి, గది అప్పుడు 1,200. ఖాళీగా ఉన్నారు కాబట్టి బేరం ఆడాం, మాకు మొదట 1,800 చెప్పారు. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. హావ్‌లాక్‌కి (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) ప్రైవేటు ఫెర్రీ అప్పట్లో మనిషికి 1,150, గంటన్నర ప్రయాణం. రాధానగర్ బీచ్ బాగుంది, అంతకంటే చెప్పడానికేం లేదు, ఫొటోలు అందరూ చూసే ఉంటారు. మా ఆవిడ మాత్రం రెండు గంటలు నీళ్లలోంచి బయటికి రాలేదు. అక్కడ బస 2,400, టిఫిన్‌తో కలిపి. టిఫిన్ అంటే బ్రెడ్డు, ఆమ్లెట్.

సెల్యులార్ జైల్లో కట్టిన ఏడు రెక్కల్లో ఇప్పుడున్నవి మూడే. అందరూ సావర్కర్ గది కోసం మెట్లెక్కుతారు. నేను వెతికింది మన్యం వాళ్ల కోసం. అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. మా కొండల అవతలి మనిషి. ఆ వరండాలో నిలబడితే గదులన్నీ ఒకే వైపు చూస్తుంటాయి, ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకుండా కట్టారు. అమ్మ ఒక గదిలోకి వెళ్లి, పైనున్న చిన్న కిటికీని చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చేసింది.

ఇక భోజనం. డబ్బుకి తగిన విలువ దొరికింది ఇక్కడే. బజారు వెనక సందులో ఒకామె మెస్ నడిపేది. నాలుగు బల్లలు, మధ్యలో ప్లాస్టిక్ పరదాలు, గుమ్మంలో శానిటైజర్ సీసా తాడుతో కట్టేసి ఉంది. కోనాం చేప పులుసుతో భోజనం అప్పుడు 120, అన్నం ఎంతైనా. పులుసు చిక్కగా, చింతపండు పైకి తెలిసేలా, పైన తేరిన నూనెలో మెంతుల వాసన. పక్కన ఆనపకాయ కూర. అడగకుండానే అమ్మకి గంజి వార్చిన అన్నం మెత్తగా తెచ్చి పెట్టింది. "ఏ ఊరమ్మా?" అంటే "పర్లాకిమిడి" అంది అమ్మ. "అయ్యో, మా పెద్దమ్మని ఇచ్చింది టెక్కలే!" అంతే, ఇద్దరూ గంటసేపు చుట్టరికాలు కలుపుకున్నారు. చిన్నాన్న జాడ తెలియలేదు గానీ, ఆయనలాంటి వాళ్లు ఓడల్లో వచ్చి దిగిన కథలు నాలుగు విన్నాం. లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఒక్క యాత్రికుడు లేడట, కూలీలకి అప్పు భోజనాలు పెట్టి పుస్తకంలో రాసుకుందట. ఆ పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంది, సగం కొట్టివేతలు, సగం అలాగే. మాస్కు లేకుండా ఎవరొచ్చినా లోపలికి రానిచ్చేది కాదు. ఒక పోలీసాయన్ని కూడా గుమ్మంలో ఆపేసింది, కళ్లారా చూశాం. ఉన్న రోజులన్నీ అక్కడే తిన్నాం. చివరి రోజు బావ లెక్క చూసి 40 రూపాయలు తక్కువ వేశావంటే, "అమ్మ తిన్నది సగమే కదా" అంది.

తిరిగొచ్చాక విశాఖలో ఎవరూ ఏమీ అడగలేదు. పర్లాకిమిడి చేరిన మర్నాడే నేనూ బావా ట్రావెల్స్ కొట్టుకి వెళ్లాం. మొదట గుర్తుపట్టనట్టే మాట్లాడాడు. తర్వాత రూల్సు మారాయన్నాడు. చివరికి అయిదు రెండొందల నోట్లు బల్ల మీద పెట్టి, మిగతాది సర్వీస్ ఛార్జీ అన్నాడు. రెండు వేలు పోయినట్టే. ఆ పర్మిట్లు సాక్ష్యంగా పెట్టి ఫిర్యాదు రాద్దామని ఇంటికొచ్చి అడిగితే మూడే దొరికాయి. నాలుగోది, తనది, అమ్మ అప్పటికే బజారుకెళ్లి 20 రూపాయలిచ్చి లామినేషన్ చేయించేసుకుంది. ఎందుకే అంటే వేలు పెట్టి చూపించింది. దాని మీద పేరు చివర 'అమ్మ' ఉంది.