కెంట్‌లో ఓస్ట్ హౌస్ చూస్తున్నారా? అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

లండన్ రేట్లకి భయపడి కెంట్ వైపు ఇళ్ళు వెతుకుతున్న మనవాళ్ళు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు, అందుకే రాస్తున్నా. ఫావర్‌షామ్, ప్యాడక్ వుడ్ చుట్టుపక్కల గుండ్రటి ఇటుక గోడలు, పైన శంకువు లాంటి పెంకుల కప్పు, కొసన తెల్ల చెక్క టోపీ ఉన్న ఇళ్ళు ఉంటాయి, వాటినే ఓస్ట్ హౌస్ అంటారు. ఒకప్పుడు బీరులో వేసే హాప్స్ అనే పూలని ఆరబెట్టే బట్టీలు. కింద మంట, పైన సందులున్న చెక్క నేల మీద హాప్స్, తేమంతా కొసనున్న టోపీలోంచి బయటికి, గాలి ఎటు వీచినా ఆ టోపీ దానికి వీపు తిప్పేసేది. ఇప్పుడు ఆ పని లేదు కాబట్టి ఇళ్ళు చేసి అమ్ముతున్నారు.

చూస్తే మనసు పారేసుకుంటాం, అందులో డౌట్ లేదు. మా అత్తగారు మాత్రం వీడియో కాల్‌లో "గదే గుండ్రంగా ఉంటే ఈశాన్యం మూల ఎక్కడొస్తుందమ్మా" అని ఒకటే గోల. ఈశాన్యం సంగతి దేవుడెరుగు, అసలు దెబ్బ కాగితాల్లో తగిలింది.

మేం కొన్నది గ్రేడ్ టూ లిస్టెడ్ ఇల్లు, రక్షించాల్సిన పాత కట్టడాల అధికారిక జాబితాలో ఉందన్నమాట. అంటే బయటే కాదు, లోపల కూడా ఆ బిల్డింగ్ స్వరూపం మారేలా ఏం చేయాలన్నా కౌన్సిల్ దగ్గర లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ తీసుకోవాలి, లేకుండా చేస్తే క్రిమినల్ నేరం. మాకు అమ్మినాయన బట్టీ కప్పుని కోసి ఒక ప్లాస్టిక్ ఫ్రేమ్ కిటికీ పెట్టించాడు, కన్సెంట్ లేదు. నేరం చేసింది ఆయనే, కానీ సరిచేయమని నోటీసు మాత్రం ఇప్పుడు ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకి వస్తుంది, పైగా ఇన్నేళ్ళు దాటితే మాఫీ అనే లెక్క లిస్టెడ్ ఇళ్ళకి లేదు. ఏజెంట్‌ని అడిగితే "క్యారెక్టర్ ప్రాపర్టీల్లో ఇవి మామూలే అండి" అన్నాడు. కమిషన్ వచ్చేదాకా ఫోన్ ఎత్తేవాడు, తర్వాత అదీ లేదు.

ఇంకో తిరకాసు వినండి. కన్సెంట్ కాగితం ఏదంటే అమ్మినాయన తరఫు సాలిసిటర్, అంటే లాయరు, ఇండెమ్నిటీ పాలసీ అనే ఇన్సూరెన్స్ ఒకటి చేతిలో పెట్టాడు. ఇలాంటి పాలసీల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది, మనమే కౌన్సిల్‌కి వెళ్ళి ఆ విషయం కదిపితే కవర్ పోతుంది. పైగా అది డబ్బు నష్టానికి మాత్రమే, కిటికీని చట్టబద్ధం చేయదు. మేం గోడ రిపేరు గురించి కౌన్సిల్‌ని అడిగితే చూడ్డానికొచ్చిన కన్జర్వేషన్ ఆఫీసర్ తల పైకెత్తి ముందు ఆ కిటికీనే చూసింది, ఇక పాలసీ గురించి చెప్పేదేముంది.

గోడ రిపేరు ఎందుకంటే పాత మెత్తటి ఇటుకలకి సున్నం ఉండాల్సిన చోట ఎవరో సిమెంట్ పూశారు. తడి బయటికి పోయే దారి లేక ఇటుక ముఖం పెచ్చులూడుతోంది, వేలితో రాస్తే ఎర్ర పొడి వస్తుంది, లోపల పెయింట్ మీద గోధుమ రంగు మరకలు, ఎన్నిసార్లు వేసినా మళ్ళీ తేలతాయి. పైన చెక్క టోపీకి రంగేయాలన్నా స్కాఫోల్డింగ్ కట్టాల్సిందే, పక్కింటివాళ్ళతో కలిపి ఉన్న కప్పైతే ఆ ఖర్చు ఎవరిదో ముందే రాతలో చూసుకోండి.

కొనాలనే ఉంటే కౌన్సిల్ ప్లానింగ్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి పాత కన్సెంట్‌లూ డ్రాయింగులూ దింపుకుని, ఒక్కో కిటికీ, ఒక్కో గోడా వాటితో పోల్చి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు. ఇంటి సర్వేల్లో అన్నిటికంటే వివరంగా చేసే లెవెల్ 3 చేయించండి, అదీ పాత సున్నం కట్టడాలు తెలిసినవాళ్ళతోనే. కన్సెంట్ లేని పని కనిపిస్తే అమ్మేవాళ్ళనే ముందు క్లియర్ చేయమనండి, పాలసీ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంగ్లండ్‌లో సంతకాలైన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, ఆ తర్వాత తప్పుకుంటే మామూలుగా పది శాతం డిపాజిట్ పోతుంది, కాబట్టి ఈ అడగడాలన్నీ ఆ తేదీకి ముందే అయిపోవాలి.