మస్కీ వల: ఆరు వేసవుల తర్వాత

గాలానికి పడ్డ మస్కీ అనే పెద్ద చేపని బోటు పక్కన పట్టుకోవడానికి, పిడి ఉన్న ఈ వల కొన్న రోజు బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. వలకి 200 డాలర్లా అని. ఇప్పుడు బోటు ఎక్కగానే వల ఎక్కించారా లేదా అని అడిగేది తనే.

మేముండేది మిన్నెసోటాలో, సెయింట్ పాల్‌కి దగ్గర్లో. వేసవి శనివారాలు లేక్ ఎల్మోలోనో, మినియాపొలిస్ ఊళ్లోనే ఉన్న నొకోమిస్‌లోనో గడుస్తాయి. నొకోమిస్ మీద విమానాలు ఎంత కిందగా దిగుతాయంటే మావాడు వాటి చక్రాలు లెక్కపెడతాడు. అక్కడ పెట్రోలు మోటారు వాడనివ్వరు, బ్యాటరీదే. రెండు చోట్లా మేం వెతికేది టైగర్ మస్కీ కోసం. మస్కీకీ, నార్తర్న్ పైక్ అనే ఇంకో చేపకీ పుట్టిన సంకరం ఇది. దీనికి పిల్లలు పుట్టవు కాబట్టి ఈ లేకుల్లో ప్రభుత్వం వాళ్లు పెంచి వదిలినవే ఉంటాయి. మన కొర్రమీనులాగే నాచు పక్కన కదలకుండా పొంచి ఉండి ఒక్కసారిగా మీద పడే రకం. కాకపోతే మూడడుగుల పొడవు, ఒంటినిండా చారలు, నోటినిండా పళ్లు. రాష్ట్ర రికార్డు టైగర్ పడింది ఎల్మోలోనే, 1999లో, 34 పౌండ్ల 12 ఔన్సులు. మావాడికి ఎక్కాలు రావు గానీ ఈ అంకె నోటికొచ్చు.

ఈ లేకుల్లో 40 అంగుళాల లోపు టైగర్‌ని ఇంటికి తీసుకెళ్లకూడదు. ఆరేళ్లలో మాకు పడ్డవి 11. ఒక్కటే ఆ కొలత దాటింది, దాన్నీ వదిలేశాం. అంటే పట్టిన ప్రతి చేపా బతికి వెనక్కి వెళ్లాలి. వల ఎలాంటిదన్నది అక్కడ తేలుతుంది.

దీనికి ముందు 30 డాలర్ల నైలాను వల ఉండేది. మా మొదటి టైగర్ అందులో పడి గిరగిరా తిరిగింది. మూడు ముళ్ల గాలాలు రెండు, వల కన్నుల్లో చిక్కుకుపోయాయి. కత్తిరించి విడిపించేసరికి పావుగంట పైనే పట్టింది. వదిలాక చేప పక్కకి ఒరిగిపోయింది. తోక పట్టుకుని చాలాసేపు నిలబెడితే గానీ కదలలేదు. పాప ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే ఇది ఆర్డర్ పెట్టాను.

దీని తాళ్లకి రబ్బరు పూత ఉంటుంది, కన్నుల దగ్గర ముడి ఉండదు. గాలం తగులుకున్నా చేత్తో తీస్తే వచ్చేస్తుంది. అడుగు వెడల్పుగా, లోతుగా ఉంటుంది కాబట్టి చేపని పైకెత్తకుండా నీళ్లలోనే ఉంచి, పొడవాటి ముక్కు పటకారుతో ముల్లు తీసేయొచ్చు. ఇప్పుడు మాకు రెండు నిమిషాల పని. ఎండలు ముదిరి నీళ్లు 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే మాత్రం ఏ వలా కాపాడదు. ఆ వారాల్లో మేం మస్కీ జోలికి పోం.

పోయిన జులైలో పాప గాలం బోటు దాకా లాగేసి, వెంట వచ్చిన చేప ఏదైనా ఉంటే కరుస్తుందని, నేర్పినట్టే రాడ్ మొన నీళ్లలో ముంచి 8 అంకె వేస్తోంది. రెండో చుట్టులో బోటు కిందనుంచి ఏదో నల్లటి నీడ. నీళ్లు నా కళ్లజోడు మీద చిందాయి. మా ఆవిడ వల ముంచేలోపు మా నాన్న అరుపు: "అమ్మాయ్, తలవైపు పెట్టు, తోకవైపు కాదు!" ఆయనది గోదావరి లంక. రెండు నెలలకని వచ్చారు. 37 అంగుళాలు. కొలిచి, ఫొటో తీసి వదిలేస్తుంటే ఆయన ముఖం చూడాలి. "దీనికా తెల్లారగట్ల లేచాం?"

లోపాలున్నాయి. పిడి పొడిగించే బటన్‌లో ఇసుక చేరితే బిగుసుకుపోతుంది. రెండుసార్లు సరిగ్గా చేప పక్కకి వచ్చాకే మొరాయించింది. ప్రతిసారీ కడుక్కోవాలి. తడిస్తే బరువు, పదేళ్ల పిల్లలు ఒక్కళ్లే ఎత్తలేరు. చట్రం మడవదు, మా కారులో వెనక సీటు పడుకోబెడితే గానీ పట్టదు. వాసన సంగతి సరే. నాలుగో ఏడు నుంచి రబ్బరు పెచ్చులూడుతోంది, కంపెనీకి రాస్తే వారంటీ అయిపోయిందన్నారు.

పోయిన వేసవిలోనే, కత్తిరించిన ముల్లు ఒకటి తగిలి అరచేతంత చిరుగు పడింది. కొత్తది కొందామనుకున్నాను. నాన్న ఐస్‌క్రీమ్ పుల్లని చాకుతో చెక్కి, దానికి 80 పౌండ్ల బరువు తట్టుకునే నా గాలపు అల్లిక దారం చుట్టుకుని, గ్యారేజీలో స్టూలు వేసుకుని ఒక మధ్యాహ్నం కూర్చున్నారు. కన్ను సైజు తన వేలితో కొలుచుకుంటూ కుట్టారు. ఆ దారం ఖరీదు ఆయనకి చెప్పలేదు.

ఆ అతుకు మీద రబ్బరు లేదు, ముడులున్నాయి. అందుకని చేప పడగానే మా ఆవిడ వలని కొంచెం తిప్పి ఆ వైపు చేపకి తగలకుండా చూస్తుంది. మిగతా వల మారుద్దామన్నా ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు.