ఇంజన్ మిస్సింగ్ అని షెడ్డుకి పొయ్యేవాళ్ళు ముందు ఇది చదవండి

అన్నలూ తమ్ముళ్ళూ, పాత పికప్‌లు తోలుకునే వాళ్ళందరికీ చెప్తా ఉండా, నాకు జరిగింది మీకు జరగకూడదు.

నాది 2013 మోడల్ డీజిల్ పికప్, కామన్ రైల్ ఇంజన్ (అంటే ఒకే పైపు నుంచి బాగా ప్రెషర్‌తో అన్ని సిలిండర్లకీ డీజిల్ పొయ్యేది), విడవలూరు పక్క గుంటల కాడ నుంచి రొయ్యల ట్రేలు తోల్తా ఉంటా. పోయిన నెల కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి ఎక్కతా ఉంటే అప్పటిదాకా బాగా వస్తా ఉన్న బండి ఉన్నట్టుండి దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది, మిస్సింగ్ అంటే ఇదే, ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం, ఎంత తొక్కినా లాగడంలా, గేర్ రాడ్డు చేతిలో వణకతా ఉండాది, వెనక ఐసులో సరుకు. ఎట్నో సరుకు దించేసి నెల్లూరులోనే ఒక షెడ్డులో పెట్టా.

షెడ్డు మెకానిక్ ఐదు నిమిషాలు సౌండ్ విని నాలుగు ఇంజెక్టర్లూ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) పొయినాయి, ఇట్నే తోలితే పిస్టన్ బొక్క పడద్ది అన్నాడు. భయపడి సరే అన్నా. కొత్తవి అని చెప్పి నాలుగు వేసి లేబర్‌తో కలిపి 52,000 తీసుకున్నాడు, బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చాడు, పాతవి ఇమ్మంటే ఎక్స్ఛేంజ్‌లో పోతాయన్నాడు. రెండు రోజులు బాగుండాది. మూడో రోజు పొద్దన్నే మళ్ళీ అదే మిస్సింగ్.

ఈసారి మా ఊరి పక్క ఒక పెద్దాయన కాడికి తీసకపొయ్యా. ఆయన స్పానర్ ముట్టుకోలా. ఇంజన్ ఆపి ఒక ఇంజెక్టర్ కనెక్టర్ పీకాడు, స్టార్ట్ చెయ్యమన్నాడు, విన్నాడు, ఆపి అది పెట్టేసి ఇంకోటి పీకాడు. బాగున్న సిలిండర్ది పీకితే ఇంజన్ ఇంకా అధ్వానంగా కొట్టుకుంటది, మూడోది పీకితే మాత్రం సౌండ్ ఏమీ మారలా, అంటే అది ముందే పని చెయ్యడంలా. దాని వైరు పట్టుకొని వెనక్కి పోతే క్లాంపు కింద రాపిడికి తోలు ఊడి లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉండాది, రెండు పోగులు మాత్రమే అంటుకోనుండాయి. ఉప్పునీళ్ళ సరుకు, సముద్రం గాలి, పట్టకేం చేస్తది. షెడ్డులో విప్పేటప్పుడు వైరు కదిలి ఆ రెండు రోజులు నడిచిందంతే. కోసి కొత్త ముక్క అతికి సోల్డర్ పెట్టి 400 తీసుకున్నాడు.

అసలు కడుపు మండింది ఆ తర్వాత. ఇంజెక్టర్ మీద ఒక్కోదానికి వేరే సీరియల్ నంబర్, కోడ్ ఉంటాయి కదా, రెండేళ్ళ కింద నేను ఒకటి మార్పించినప్పుడు బిల్లులో ఆ నంబర్ రాశారు. ఇప్పుడు "కొత్తది" అని వేసినదాని మీద కూడా అదే నంబర్! నాదే నాకు కడిగి బిగించాడు. కొత్తవే అయితే చాలా బండ్లలో స్కానర్ పెట్టి ఆ కోడ్ ఇంజన్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలంట, షెడ్డులో స్కానరే తియ్యలా.

కాబట్టి ఇంజెక్టర్లు పొయినాయి అంటే ఏ సిలిండర్ పని చెయ్యడంలేదో మీ ముందరే చూపించమనండి. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళు కూడా వంపించండి, దానికీ మిస్సింగ్ వస్తది. కామన్ రైల్ బండికి పాత బండ్లలాగా ఏ సిలిండరో కనుక్కోడానికి నడస్తా ఉండంగా ఇంజెక్టర్ పైపు నట్టు మాత్రం వదులు చెయ్యనీవద్దు, లోపల ప్రెషర్ వెయ్యి బార్ పైన కూడా పోద్ది, డీజిల్ చర్మంలోకి దూరద్ది. విప్పకముందే నంబర్లు ఫోన్లో ఫోటో తీసుకోండి, జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. నేను కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేశా, కాగితం ముక్క తప్ప చేతిలో ఏం లేదు, పాత బిల్లు ఫోటో మాత్రం పంపించా.

ఈమధ్య నెల్లూరులో ఇంజెక్టర్లు మార్పించినవాళ్ళు ఉంటే ఒకసారి బానెట్ ఎత్తి నంబర్లు చూసుకోండన్నా.