నోటితో చీమిడి లాగే పైపు: ఏడాదికి పైగా వాడాక

రబ్బరు బుడ్డి నొక్కి వదిలే పంపంటే నాకు ఇప్పటికీ కోపమే. బాబు పుట్టినప్పుడు కొన్న సామానులో అదీ ఒకటి. ముక్కులో పెట్టి వదిలితే గాలి చప్పుడే తప్ప చీమిడి కదిలేది కాదు. ఎంత కడిగినా లోపల తడి ఆరదు. అనుమానమొచ్చి కత్తెరతో కోసి చూస్తే అడుగంతా నల్లగా బూజు. ఆ గాలి పసివాడి ముక్కులోకి వెళ్లిందని తలుచుకుంటేనే ఒళ్లు మండిపోయింది.

దాని బదులు తెచ్చుకున్నదే ఈ పైపు. ఒక కొన బాబు ముక్కు దగ్గర, ఇంకో కొన మన నోట్లో, మధ్యలో చిన్న ఫిల్టర్. వినగానే అందరూ ఛీ అంటారు. కానీ చీమిడి ఫిల్టర్ దాటి రాదు. దీంట్లో నాకు నచ్చింది ఒక్కటే: లాగే బలం మన చేతిలో ఉంటుంది. ముందు మెల్లగా లాగి, వాడి మొహం చూసుకుంటూ పెంచుకోవచ్చు.

దాని విలువ తెలిసింది మిర్చి సీజన్‌లో. గుంటూరులో మా ఇల్లు మిర్చి యార్డుకు మరీ దూరమేం కాదు. ఆ రోజుల్లో గాలి ఇటు తిరిగితే పెద్దవాళ్లమే తుమ్ముతాం. బాబుకు ముక్కు దిబ్బడేస్తే ఘాటు వల్లే అనుకున్నాం. డాక్టరు గారు మాత్రం ఇది వైరస్ జలుబు, ఇంట్లో ఎవరి నుంచో అంటుకుని ఉంటుంది, ఘాటు దాన్ని ఇంకాస్త ఇబ్బంది పెడుతుందంతే అన్నారు. అప్పటికే మా ఆయన దగ్గుతూ తిరుగుతున్నారు.

ఆ రాత్రి వాడు రొమ్ము పట్టుకోవడం, రెండు గుక్కలు తాగి ఊపిరాడక వదిలేయడం, ఆకలికి ఏడవడం. తొలి నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, అది మూసుకుపోతే పాలు తాగడం కష్టం. అత్తయ్య గారు కొబ్బరినూనెలో కర్పూరం వేసి ఛాతీకి రాద్దామన్నారు. కర్పూరంతో పసిపిల్లలకు ఫిట్స్ కూడా రావచ్చని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి వద్దన్నాను. సాంబ్రాణి పొగ కూడా ఆపేశాం. ఒక్కో ముక్కులో సెలైన్ (మెడికల్ షాపులో దొరికే ఉప్పునీటి చుక్కల మందు) రెండు చుక్కలు వేసి, కాసేపు ఆగి, పైపు పెట్టి లాగాను. పసుపుపచ్చగా, తీగలా సాగుతూ గొట్టంలోకి వచ్చింది. రెండో వైపూ తీసి రొమ్ముకి పట్టిస్తే, వదలకుండా గుటగుటా తాగాడు. కళ్లు మూతలు పడేదాకా తాగుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అయితే ఇది మందు కాదు. జలుబు దాని దారిన వారం, పది రోజులు ఉండే పోతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది. అదేపనిగా లాగితే ముక్కు లోపల వాస్తుంది. అందుకే పాలకు ముందు, నిద్రకు ముందు తప్ప ముట్టుకోను.

ఇంకో జలుబు మధ్యలో ఫిల్టర్లు అయిపోయాయి. పైపు అమ్మిన మెడికల్ షాపులోనే ఫిల్టర్లు లేవు, ఆన్‌లైన్‌లో పెడితే వచ్చేసరికి ఆలస్యమైంది. అన్నాళ్లూ ఉత్త సెలైన్ చుక్కలతోనే నెట్టుకొచ్చాం. చుక్కలు పడగానే తుమ్మేవాడు, సగం చీమిడి దాంతోనే బయటికొచ్చేది. పైపుకిచ్చిన మెప్పులో సగం సెలైన్‌కే చెందుతుందని ఇప్పుడనిపిస్తోంది.

ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, పాలు అసలు పట్టకపోయినా పైపు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికే. రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లలు నిమిషానికి 50 సార్లు, ఆపైన ఊపిరి తీస్తున్నా అంతే. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరమొస్తే అసలు ఆగకూడదు.

నేను ఇంట్లోనే ఉంటాను, పాలు నేనే ఇస్తాను, కాబట్టి నాకిది బాగా పనికొచ్చింది. ఏడాది దాటాక మాత్రం పైపు కనబడితే చాలు తల తిప్పేస్తున్నాడు, పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. అంత వయసు పిల్లలున్నవాళ్లు ఇప్పుడు కొనాలా అంటే గట్టిగా చెప్పలేను. నెలల బిడ్డ ఉన్న మా ఆడపడుచును మాత్రం కొనమన్నాను, పైపుతో పాటే ఫిల్టర్లు రెండు పెట్టెలు తెప్పించుకోమన్నాను.