జ్ఞాపకశక్తి సాధనా, మాట్లాడే భాషా: చదవలేని పిల్లలకు ఏది మేలు?

భాషా వికాస లోపం (వయసుకు తగ్గట్టు భాష రాకపోవడం) ఉన్న పిల్లల్లో విన్నమాట మనసులో నిలవకపోవడం, చదువు కుంటుపడడం తరచుగా కలిసి కనిపిస్తాయి. 1990లో గాథర్‌కోల్, బాడ్లీ అనే పరిశోధకులు అలాంటి పిల్లల చేత అర్థంలేని కల్పిత పదాలను తిరిగి పలికించినప్పుడు, పదం పొడవయ్యేకొద్దీ వారు బాగా తడబడ్డారు. జ్ఞాపకాన్ని బాగుచేస్తే చదువు కూడా బాగుపడుతుందన్న ఆశకు ఇలాంటి ఫలితాలే ఊతమిచ్చాయి. కంప్యూటర్ మీద అంకెలను, మాటలను వరసగా గుర్తుపెట్టుకునే అభ్యాసాలు ఆ ఆశనే నమ్ముకున్నాయి.

అయితే 2013లో మెల్బీ-లెర్వోగ్, హ్యూమ్ అలాంటి శిక్షణపై జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, మాటల జ్ఞాపకంలో వచ్చిన లాభం శిక్షణ ఆగాక నిలవలేదనీ, పదాలు చదవడం మెరుగుపడిందనడానికి నమ్మదగిన ఆధారం లేదనీ తేలింది. ఇందులో ఆశ్చర్యం లేదు. కల్పిత పదాన్ని తిరిగి పలకడానికి జ్ఞాపకం ఒక్కటే చాలదు. ధ్వనులను స్పష్టంగా గుర్తించడం, ఉచ్చరించడం, అప్పటికే తెలిసిన పదసంపద కూడా కావాలి. కల్పిత పదాల పరీక్ష లోపాన్ని చూపే కొలమానమే; థర్మామీటరును చల్లబరిస్తే జ్వరం తగ్గదు కదా. లోపాన్ని పసిగట్టడానికి మాత్రం ఆ పరీక్ష నిజంగా పనికొస్తుంది.

ఇక మిగిలినవి రెండు మార్గాలు: అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని నేర్పడం, మాట్లాడే భాషను పెంచడం. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను పలకగలగడం, భాషను గ్రహించగలగడం అనే రెండింటి గుణకారమని గఫ్, టన్మర్ 1986లో ప్రతిపాదించారు. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా ఫలితం సున్నాయే. కాబట్టి ఒక పేరాను మనమే చదివి వినిపించి ప్రశ్నలడిగితే దారి కొంతవరకు తెలుస్తుంది: విన్నప్పుడు అర్థమై, తాను చదివినప్పుడు అర్థం కాని పిల్లవాడికి అక్షర-ధ్వని బోధన ముందు కావాలి, విన్నా అర్థం కానివాడికి భాషే కావాలి. రెండు ఇబ్బందులూ ఉన్నవారికి రెండూ అవసరమే.

గడగడా చదివేసి, ఏం చదివావంటే చెప్పలేని పిల్లలను బడిలో ఎవరూ త్వరగా పట్టించుకోరు. ఇంగ్లండులో క్లార్క్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, అలాంటి 8, 9 ఏళ్ల పిల్లలకు పదాల అర్థాలు, కథ చెప్పడం వంటివి మౌఖికంగా నేర్పిన పద్ధతి, పాఠ్యాన్ని అర్థం చేసుకునే మెలకువలు నేర్పిన పద్ధతికంటే దీర్ఘకాలంలో మెరుగ్గా నిలిచింది. శిక్షణ ముగిశాక కూడా ఆ పిల్లల గ్రహణశక్తి పెరుగుతూనే వచ్చింది. వారందరూ భాషా లోపం నిర్ధారణైన పిల్లలు కాకపోయినా, నా మొగ్గు ఇటే. జ్ఞాపకాన్ని సాగదీయడానికి వెచ్చించే సమయాన్ని దీనికి మళ్లించి, తరగతిలో ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కొక్కటిగా చెబితే, ఆ జ్ఞాపకం మీద భారమూ తగ్గుతుంది.