కోర్‌పవర్ సీ4: తుఫానుకు తట్టుకున్న బోయా

అలల నుంచి కరెంటు తీసే తేలే యంత్రాల్లో నాకు బాగా నచ్చింది స్వీడన్ కంపెనీ కోర్‌పవర్ ఓషన్ చేసిన సీ4 అనే బోయా, అంటే నీటిపై తేలుతూ అలలతో ఊగే యంత్రం. 2023లో పోర్చుగల్ ఉత్తర తీరంలో, అగుసడోరా దగ్గర సముద్రంలో దింపారు. 9 మీటర్ల వెడల్పు, 300 కిలోవాట్ల రేటింగ్, అంటే గరిష్ఠంగా ఇవ్వగల కరెంటు. దీని అసలు పనితనం ఏంటంటే, మామూలు అలలప్పుడు వాటి లయకు తగ్గట్టు తన ఊగుడును పెంచుకుంటుంది, అదే తుఫాను వస్తే అలలకు స్పందించడం బాగా తగ్గించేసుకుని వాటిని దాటిపోనిస్తుంది, గాలి మరీ ఎక్కువైతే విండ్ టర్బైన్ గాలి పట్టకుండా రెక్కల కోణం మార్చుకున్నట్టే. ఆ నవంబరులో 18.5 మీటర్ల అలలొచ్చినా నిలబడింది! ఇదే తీరంలో 2008లో పెట్టిన పెలామిస్ అనే మూడు అలల కరెంటు యంత్రాలు, ఒక్కోటి 750 కిలోవాట్లవి, బేరింగుల సమస్యతో కొన్ని నెలలకే ఒడ్డుకు చేరాయి కాబట్టి, తట్టుకోవడానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అయితే 300 అనే అంకె చూసి మురిసిపోవద్దు. అలలు రోజూ ఒకేలా ఉండవు, ఏడాది సగటు ఉత్పత్తి రేటింగ్ కంటే చాలా తక్కువే వస్తుంది. పైగా ఇది ఒక్క యంత్రం. నాలుగు స్టార్లు ఇస్తున్నా. పక్కపక్కనే చాలా బోయాలు పెట్టి, ఏళ్ల తరబడి నడిపి, రిపేర్ల ఖర్చుతో కలిపి ఒక్కో యూనిట్ కరెంటు ధర చూపిస్తే ఐదోది కూడా ఇస్తా.