చికున్‌గున్యా తర్వాత పట్టేసిన చేతులకు ఇంటి వాక్స్ బాత్ మెషిన్: ఏది కొనాలి, ఎలా వాడాలి

చికున్‌గున్యా జ్వరం వారం, పది రోజుల్లో దిగిపోతుంది. కీళ్లు మాత్రం అంత తేలిగ్గా వదలవు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, మణికట్టు తిరగదు, నీళ్ల బాటిల్ మూత తియ్యడానికి ఇంకొకరిని పిలవాలి. 2006లో ఈ జ్వరం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఊళ్లను చుట్టేసినప్పటి నుంచీ మన ఇళ్లలో ఈ బాధ తెలియని వాళ్లు తక్కువ. మూడు నెలలు దాటినా నొప్పి, బిగుసుకుపోవడం ఉంటే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక దశ అంటారు. ఆ దశలో చేతుల కోసం ఫిజియోథెరపిస్టులు వాడే పద్ధతుల్లో వాక్స్ బాత్ ఒకటి, అంటే కరిగించిన వెచ్చని మైనంలో చేతులు ముంచి తియ్యడం. రోజూ క్లినిక్‌కి తిరగలేని వాళ్లు ఆ మెషిన్‌నే ఇంటికి తెచ్చుకుంటున్నారు. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసిన సమీక్ష ఇది.

ముందు ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మెషిన్ కీలు లోపలి వాపును నయం చెయ్యదు. పట్టేసిన వేళ్లను ఓ అరగంట సేపు వదులు చేస్తుంది, అంతే. ఆ అరగంటలో వేళ్లకు కసరత్తు చేయిస్తేనే డబ్బుకు ఫలితం. రుమటాయిడ్ వాతంతో బాధపడే చేతుల మీద జరిగిన పరిశోధనల్లోనూ వాక్స్‌కు కసరత్తు తోడైనప్పుడే కొంతకాలం మేలు కనిపించింది. వాక్స్ పెట్టి, తీసేసి, టీవీ ముందు కూర్చునే ఉద్దేశం ఉంటే కొనకండి.

వావిలాకు కాపడం ఉండగా ఇదెందుకు

వావిలాకు నీళ్లు, ఉప్పు మూట, రబ్బరు బ్యాగు అన్నీ వేడి ఇచ్చేవే. మోకాలికి, భుజానికి అవి సరిపోతాయి, వాటికోసం వాక్స్ మెషిన్ కొనక్కర్లేదు. చిక్కంతా వేళ్ల దగ్గరే. కణుపు కణుపుకీ చుట్టూ వేడి తగలాలంటే బ్యాగు ఆనదు. బేసిన్‌లో వేడినీళ్లు అయిదారు నిమిషాలకే చల్లారిపోతాయి, మళ్లీ మళ్లీ పొయ్యాలి.

వాక్స్ సంగతి వేరు. నీళ్లతో పోలిస్తే వాక్స్ వేడిని చాలా మెల్లగా వదులుతుంది. 52 డిగ్రీల నీళ్లలో చెయ్యి పెడితే కాలుతుంది. అదే వేడిలో ఉన్న వాక్స్‌ను చర్మం ఓర్చుకుంటుంది. పైగా గట్టిపడేటప్పుడు తనలోని వేడిని కొంచెం కొంచెంగా చర్మానికి ఇస్తూ ఉంటుంది. అందుకే ఒకసారి పూత వేసి చుట్టి ఉంచితే ఇరవై నిమిషాల దాకా వెచ్చదనం నిలుస్తుంది.

రెండు రకాలు

మొదటిది బ్యూటీ పార్లర్‌లలో కనిపించే ప్లాస్టిక్ రకం. రెండున్నర, మూడు కిలోల వాక్స్ పడుతుంది. తేలిక, వంటగది గట్టు మీద ఓ మూలన ఉంటుంది. లోపం వేడి నియంత్రణలో ఉంది. చాలా వాటికి తిప్పే మీట మీద 1, 2, 3 అనో, తక్కువ, మధ్య, ఎక్కువ అనో గుర్తులే తప్ప డిగ్రీలు ఉండవు. అంకెలు చూపే తెర ఉన్నా అది తొట్టి అడుగు వేడిని చూపిస్తోందా, వాక్స్ వేడిని చూపిస్తోందా అన్నది థర్మామీటరుతో సరిచూసుకుంటేనే తెలుస్తుంది.

రెండోది ఫిజియో క్లినిక్‌లలో ఉండే స్టీలు పెట్టె. రెండు గోడల మధ్య వేడి నిలిచేలా కడతారు, థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే మీట) మీద డిగ్రీలు ఉంటాయి, తొట్టి పెద్దది కాబట్టి మోచేయి, పాదం కూడా మునుగుతాయి. అయితే దాన్ని నింపడానికే బోలెడు వాక్స్ కావాలి, కరగడానికి గంటల తరబడి పడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఒక్కరి చేతుల కోసం ఇది దండగ. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చీలమండలు కూడా పట్టేసి ఉంటేనే ఆలోచించాలి.

చేతులకు మాత్రమే అయితే మా ఓటు చిన్నదానికే, అదీ విడిగా ఒక వంటింటి థర్మామీటరు కొనేటట్లయితేనే. పాలు, నూనె వేడి చూసే పొడవాటి పుల్ల రకం థర్మామీటరు ఇది. జ్వరం చూసే థర్మామీటరు 42, 43 డిగ్రీలకే ఆగిపోతుంది, పాడవుతుంది కూడా. ఈ చిన్న వస్తువు లేకుండా మెషిన్ వాడటం క్షేమం కాదు.

కొనేటప్పుడు అయిదు నిమిషాలు దుకాణంలోనే చూసుకోవాల్సినవి ఉన్నాయి. తొట్టిలో చెయ్యి పెట్టి చూడాలి: వేళ్లు విప్పార్చి పెడితే మణికట్టు పైదాకా మునిగే జాగా ఉండాలి, పక్కలకు తగలకూడదు. అడుగున ప్లాస్టిక్ జల్లెడ పళ్లెం ఉండాలి. అది లేకపోతే వేలి కొసలు నేరుగా కాలే అడుక్కి తగులుతాయి. స్టీలు రకమైతే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ తప్పనిసరి. వేడి హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో అడగాలి. మూత బిగువుగా పట్టాలి, లేకపోతే దుమ్మంతా వాక్స్‌లోకే చేరుతుంది.

చిన్న రకానికి కరెంటు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 200 వాట్ల మెషిన్ మూడు గంటలు ఆపకుండా నడిచినా 0.6 యూనిట్. కొనాలా వద్దా అన్నది తేలాలంటే మెషిన్, వాక్స్ ధరలు కలిపి, మీ ఊళ్లో క్లినిక్ ఒక్కో సిట్టింగ్‌కు తీసుకునే మొత్తంతో భాగించి చూడండి. ముందు క్లినిక్‌లో ఓ వారం చేయించుకుని, వేళ్లు వదులవుతున్నాయని తేలాకే కొనడం మేలు.

వాక్స్ దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటున్నది

మెషిన్ మంచిదైనా వాక్స్ తప్పుదైతే చెయ్యి కాలుతుంది. కొవ్వొత్తుల కోసం అమ్మే గట్టి పారఫిన్ 58, 60 డిగ్రీలకు గానీ కరగదు. దాన్ని నేరుగా తొట్టిలో వేస్తే 54 దగ్గర ముద్దగానే ఉంటుంది. "మెషిన్ పనిచెయ్యట్లేదు" అనుకుని మీట పైకి తిప్పుతారు, అప్పుడు కరిగిన వాక్స్ వేడి చర్మం ఓర్చుకునేది కాదు. అందుకే వాక్స్‌లో లిక్విడ్ పారఫిన్ అనే ఆయిల్ కలుపుతారు. అది కరిగే వేడిని కిందికి దించుతుంది, పూత పెళుసుగా విరగకుండా మెత్తగా ఉంచుతుంది.

పాళ్లు ఇవి: 7 భాగాల వాక్స్‌కు 1 భాగం లిక్విడ్ పారఫిన్. 2 కిలోల 100 గ్రాముల వాక్స్ వేస్తే 300 గ్రాముల ఆయిల్, అంటే ఇంచుమించు 350 మిల్లీలీటర్లు. మందుల షాపులో అడిగేటప్పుడు ఉత్త లిక్విడ్ పారఫిన్ అనే అడగాలి. మలబద్ధకానికి ఇచ్చే తెల్లటి సిరప్‌లోనూ ఇదే ఉంటుంది కదా అని అది తెస్తే అందులో మెగ్నీషియా, నీళ్లు కలిసి ఉంటాయి, పనికిరాదు. ఫిజియోథెరపీ సామాన్లు అమ్మే చోట ఆయిల్ కలిపే ఉన్న వాక్స్ దొరుకుతుంది. ప్యాకెట్ మీద చూసుకుంటే మళ్లీ కలిపే పని తప్పుతుంది. రంగు, వాసన కలిపినవి వద్దు.

వాక్స్‌ను గ్యాస్ పొయ్యి మీద గిన్నెలో కరిగించే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యొద్దు. అది మండే పదార్థం.

పెట్టుకునే పద్ధతి

మొదటిసారి పూర్తిగా కరగడానికి రెండు మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కింద కరిగి పైన గడ్డగా ఉన్నప్పుడు పుల్లతో పొడిచి తొందర పెట్టకూడదు, కింది వేడి వాక్స్ ఎగజిమ్ముతుంది. అంతా కరిగాక మీట తగ్గించి ఆగాలి. థర్మామీటరు తొట్టి మధ్యలో, అడుగుకు తగలకుండా పెట్టి చూస్తే 50 నుంచి 53 మధ్య ఉండాలి. పాల మీద మీగడలా పైన పలుచని తెల్ల పొర కడుతుంటే వాక్స్ తగిన వేడికి దిగిందని గుర్తు. థర్మామీటరు, ఆ పొర రెండూ ఒకే మాట చెప్పాకే చెయ్యి ముంచాలి, అప్పుడు కూడా ముందు ఒక్క వేలి కొసతో చూసి.

ఉంగరాలు, గాజులు, దారాలు తీసెయ్యాలి. సబ్బుతో కడిగి, వేళ్ల సందులతో సహా పొడిగా తుడుచుకోవాలి. ఈ తుడుచుకోవడం శుభ్రత కోసం మాత్రమే కాదు. చర్మానికీ వాక్స్‌కీ మధ్య నీటి చుక్క చిక్కితే అక్కడే బొబ్బ లేస్తుంది. చెమట పట్టే చేతులైతే ఫ్యాను కింద కాసేపు ఆరబెట్టుకోవాలి.

వేళ్లు కొంచెం ఎడంగా విప్పి, మణికట్టు పైదాకా ఒక్కసారి ముంచి వెంటనే తియ్యాలి. పూత మెరుపు పోయి మసకబారేదాకా, అంటే ఏడెనిమిది సెకన్లు, గాల్లో ఉంచి మళ్లీ ముంచాలి. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు. ప్రతిసారీ మొదటి గీత కంటే రవ్వంత కిందికే ఆగాలి, లేకపోతే కొత్త వేడి వాక్స్ పాత పూత కిందికి జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదటి మునక నుంచి చివరిదాకా వేళ్లు కదపకూడదు. కదిపితే పూత చిట్లుతుంది, తర్వాతి మునకలో ఆ పగులులోంచి వాక్స్ నేరుగా చర్మం మీదికి పోతుంది. క్లినిక్‌లో అయినా ఇంట్లో అయినా చెయ్యి కాలడానికి ఇదొక కారణం.

తర్వాత చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన మందపాటి తువ్వాలు చుట్టి, చెయ్యి దిండు మీద కాస్త ఎత్తుగా పెట్టుకుని 15 నుంచి 20 నిమిషాలు కూర్చోవాలి. ఎక్కడైనా ఒకేచోట మంటగా చురుక్కుమంటే గడియారం చూడకుండా వెంటనే తీసెయ్యాలి. పూత మణికట్టు దగ్గర వేలు దూర్చి లాగితే గ్లోవ్‌లా ఊడివస్తుంది. చర్మం అంతటా సమానంగా లేత గులాబీ రంగులో ఉంటే సరి. తెల్లమచ్చలు, ఎర్రటి గీతలు కనబడితే మర్నాడు పెట్టొద్దు.

తీశాక అసలు పని

ఊడదీసిన వాక్స్ ఇంకా వెచ్చగా, మెత్తగా ఉంటుంది. దాన్ని పారెయ్యకుండా ఉండలా చేసి అరచేతిలో పది సార్లు పిసకాలి. ఆ తర్వాత వరసగా: వేళ్లు నిటారుగా చాపడం, పై రెండు కణుపులు మాత్రమే వంచి కొక్కెంలా పట్టడం, కింది కణుపుల దగ్గర వంచి వేళ్లు తిన్నగా ఉంచడం, చివరికి నిండు పిడికిలి. ఒక్కో భంగిమలో అయిదు సెకన్లు ఆగి, అయిదేసి సార్లు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కొసలూ ఒక్కొక్కటీ తాకించాలి. మణికట్టు పైకి, కిందికి.

కొలత ఒక్కటే: కసరత్తు అయ్యాక పెరిగిన నొప్పి రెండు గంటల్లోగా తగ్గాలి. అంతకు మించి సలుపుతుంటే మర్నాడు సగం చెయ్యండి. చికున్‌గున్యా తర్వాత ఒళ్లంతా నీరసం కూడా ఉంటుంది. వేళ్లు వదులయ్యాయి కదా అని అదే పూట బట్టలు పిండి, చపాతీ పిండి కలిపితే సాయంత్రానికి మళ్లీ మొదటికొస్తుంది. పిడికిలి ఎంతవరకు మూసుకుంటోందో వారానికోసారి చూసుకోండి: చూపుడువేలి కొసకూ అరచేతి మడతకూ మధ్య ఎడం స్కేలుతో కొలిచి రాసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. నెల రోజులు క్రమంగా చేసినా ఆ ఎడం తగ్గకపోతే మెషిన్‌ను నమ్ముకుని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎవరు వాడకూడదు

జ్వరం ఉన్న రోజుల్లో వద్దు. కీలు ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా, ఉబ్బి ఉన్నప్పుడు వద్దు. అప్పుడు వేడి పెడితే వాపు పెరుగుతుంది. పుండు, కోసుకున్న గాయం, తామర, దద్దుర్లు ఉంటే మానేదాకా ఆగాలి.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్పర్శ తగ్గిన చేతికి కాలుతున్నట్టే తెలియదు. ఇంట్లోనే చిన్న పరీక్ష చెయ్యొచ్చు: రెండు స్టీలు చెంచాలు తీసుకుని ఒకటి గోరువెచ్చని నీళ్లలో, ఇంకొకటి మామూలు నీళ్లలో ఉంచి, తుడిచి, కళ్లు మూసుకున్న మనిషి వేళ్లకు మార్చి మార్చి తాకించాలి. ఏది వెచ్చనిదో ప్రతిసారీ సరిగ్గా చెప్పలేకపోతే వాక్స్ పెట్టొద్దు.

బొటన, చూపుడు, మధ్య వేళ్లకు రాత్రిళ్లు తిమ్మిరెక్కి నిద్రలోంచి లేపుతుంటే అది మణికట్టు దగ్గర నరం నలగడం కావొచ్చు. చికున్‌గున్యా తర్వాత ఇది వస్తుంది. వాపుతో కూడిన నొప్పి మూడు నెలలు దాటినా ఉంటే రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టరుకు, చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. రుమటాయిడ్ కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్షలు చేస్తారు, అవసరమైతే హైడ్రాక్సీక్లోరోక్విన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులు వాళ్ల పర్యవేక్షణలో ఇస్తారు. ఊళ్లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్లలు నెలల తరబడి మింగుతూ "తగ్గింది" అనుకునే వాళ్లను చూస్తే భయమేస్తుంది. అవి ఆపగానే నొప్పి తిరగబెడుతుంది, ఈలోపు షుగర్ పెరుగుతుంది, ఎముకలు దెబ్బతింటాయి.

నిర్వహణ

వాడిన పూతను తిరిగి తొట్టిలో వేసుకోవచ్చు, కానీ అది ఒక్క మనిషి వాడే తొట్టి అయితేనే. చెమట, చర్మపు పొట్టు అడుగున చేరుతాయి. వాక్స్ పూర్తిగా గట్టిపడ్డాక మెషిన్ కొద్దిసేపు వేసి ఆపితే అంచులు వదులై గడ్డ మొత్తం బయటికి వస్తుంది. అడుగున పట్టిన మురికిని చాకుతో గీకేసి, తొట్టి పొడిగా తుడిచి మళ్లీ వెయ్యాలి. రంగు పసుపుకు తిరిగినా, వాసన వచ్చినా మొత్తం మార్చెయ్యాలి. కరిగిన వాక్స్‌ను సింకులో పొయ్యకండి, పైపులో గట్టిపడితే ప్లంబర్ వచ్చి పైపు విప్పాల్సిందే. గట్టిపడనిచ్చి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యండి.